చిప్ప కింద నొప్పి, సూదిలో జెల్

1998లో అమెరికన్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో ఒక అసాధారణమైన వ్యాసం వచ్చింది. స్కాట్ డై అనే ఎముకల సర్జన్ తన సొంత మోకాళ్లనే పరిశోధనకు అప్పగించారు. చర్మానికి గాటు పెట్టే చోట మాత్రమే మత్తు ఇచ్చారు. కీలు లోపల మత్తు లేదు. సహ సర్జన్ సన్నటి కెమెరా గొట్టం పంపి, లోహపు కడ్డీతో లోపలి భాగాలను ఒక్కొక్కటిగా నొక్కుతూ పోయారు. మెలకువగా ఉన్న డై ఎక్కడ ఎంత నొప్పి పుడుతోందో అంకెల్లో చెబుతూ వచ్చారు.

మోకాటి చిప్ప వెనుక ఉండే మృదులాస్థిని కడ్డీతో నొక్కినప్పుడు ఆయనకు నొప్పే తెలియలేదు. ఆ మృదులాస్థి అప్పటికే కొంత దెబ్బతిని ఉంది, అయినా తెలియలేదు. కీలుకు లోపలి వైపు పరుచుకుని ఉండే పల్చటి సైనోవియల్ పొరను, చిప్ప కింద ఉండే కొవ్వు దిండును తాకినప్పుడు మాత్రం భరించలేనంత నొప్పి పుట్టింది. అరిగేది ఒకటి, నొప్పి పుట్టించేది మరొకటి అని ఆ వ్యాసం తేటతెల్లం చేసింది.

మృదులాస్థికి నరాలు లేవు, రక్తనాళాలూ లేవు. రక్తనాళాలు లేనందువల్లే అది ఒకసారి పాడైతే మళ్లీ మామూలు స్థితికి రాదు. స్కాట్లాండులో పుట్టి లండన్‌లో పేరు తెచ్చుకున్న శరీర నిర్మాణ శాస్త్రవేత్త విలియం హంటర్ 1743లోనే రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలో, పాడైన మృదులాస్థి మళ్లీ బాగుపడదన్న మాట చెప్పారు. ఇప్పటికీ వైద్యులు ఆయన్ని తలుచుకుంటూనే ఉంటారు. మనిషి ఒంట్లో ఎక్కడా లేనంత మందమైన మృదులాస్థి చిప్ప వెనుకే ఉంటుంది. కొందరిలో ఐదారు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. అంత మందం అక్కడే ఎందుకు అవసరమైందో తరవాత చూద్దాం. ముందు జెల్ సంగతి.

తెలుగు ఇళ్లలో మోకాళ్ల నొప్పి అనగానే మొదట వినిపించే మాట "గుజ్జు అరిగిపోయింది" అని. ఆ వెంటనే "గుజ్జు ఎక్కించే ఇంజెక్షన్ ఉందట కదా" అని. ఇందులో రెండు వేర్వేరు వస్తువులు కలిసిపోయాయి. అరిగేది మృదులాస్థి. అది ఎముక చివరన గట్టిగా అతుక్కుని ఉండే నున్నటి పొర. సూదితో ఎక్కించేది జెల్. అది కీలు లోపల ఉండే ద్రవానికి అదనంగా చేరేది. జెల్ ఎక్కించినంత మాత్రాన అరిగిన పొర మళ్లీ మొలవదు. ఈ తేడా చెప్పకుండా సూది వేస్తే రోగి ఒకదాని కోసం డబ్బు కట్టి మరొకటి పొందుతున్నట్టే. ఈ వ్యాసం రాయడానికి నాకున్న మొదటి కారణం అదే.

ఆరోగ్యంగా ఉన్న మోకాలిలో ఈ ద్రవం చాలా కొద్దిగా, సాధారణంగా నాలుగు మిల్లీలీటర్ల లోపే ఉంటుంది. చెంచాడు కూడా కాదు. దానికి జిగటను ఇచ్చేది హైలురోనిక్ యాసిడ్. మొహానికి రాసుకునే క్రీముల మీద ఇప్పుడు అందరికీ కనిపిస్తున్న పేరే. ఇదొక పొడవాటి చక్కెర గొలుసు. రెండేసి చక్కెరల జంటలు వేల సంఖ్యలో ఒకదాని వెంట ఒకటి చేరి ఒక్కో అణువు తయారవుతుంది. మంచి మోకాలిలో ఈ అణువుల బరువు నలభై, అరవై లక్షల డాల్టన్ల దాకా ఉంటుంది. గొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉండటం వల్ల ఆ ద్రవానికి రెండు స్వభావాలు వచ్చాయి. నెమ్మదిగా కదిలితే కందెనలా పారుతుంది, ఒక్కసారిగా దెబ్బ తగిలితే రబ్బరులా సాగి ఆ తాకిడిని తట్టుకుంటుంది. ఆస్టియోఆర్థ్రైటిస్, అంటే కీళ్ల అరుగుదల, వచ్చిన మోకాలిలో గొలుసులు తెగి పొట్టివైపోతాయి, వాటి సాంద్రత కూడా పడిపోతుంది. ద్రవం పల్చబడుతుంది.

ద్రవం పల్చబడితే చిక్కటిది బయటి నుంచి పోద్దాం అన్న ఆలోచన ఇక్కడే పుట్టింది. దాని చరిత్ర వినదగింది.

1934లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో కార్ల్ మేయర్, జాన్ పామర్ ఆవు కంటిలోని పారదర్శకమైన జెల్లీ నుంచి హైలురోనిక్ యాసిడ్‌ను మొదటిసారి వేరు చేశారు. తరవాత దీన్ని మందుల గదిలోకి తెచ్చిన మనిషి హంగరీలో పుట్టిన ఎండ్రే బలాజ్. ఆయన దీనికి మొదట వెతికిన ఉపయోగం వైద్యం కాదు. 1942లో బేకరీ సరుకుల్లో గుడ్డు తెల్లసొనకు బదులుగా దీన్ని వాడవచ్చని పేటెంటుకు దరఖాస్తు చేశారు. తరవాత స్వీడన్‌కు, అక్కడి నుంచి అమెరికాకు వెళ్లి, దశాబ్దాల పాటు దీని మీదే పనిచేశారు. ఒంట్లోకి ఎక్కిస్తే వాపు తెప్పించనంత శుద్ధంగా దీన్ని తయారు చేయడమే ఆయన సాధించిన పెద్ద విజయం. అందుకు కోడిపుంజు తల మీది ఎర్రటి జుట్టు బాగా పనికొచ్చింది. అందులో హైలురోనిక్ యాసిడ్ దండిగా ఉంటుంది. శుద్ధి చేసిన జెల్‌ను మనుషుల మోకాళ్ల కంటే ముందు పందెపు గుర్రాల కీళ్లలో విరివిగా వాడారు. కళ్ల శుక్లాల ఆపరేషన్లలోనూ అది అద్భుతంగా ఉపయోగపడింది, ఇప్పటికీ పడుతోంది. మనుషుల మోకాళ్లకు 1987లో జపాన్‌లో అనుమతి వచ్చింది. అమెరికాలో 1997లో హైలగన్, సిన్‌విస్క్ అనే రెండు ఉత్పత్తులకు ఆహార ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. వారానికి ఒకటి చొప్పున మూడో అయిదో సూదులు వేసే పద్ధతితో మొదలై, 2009లో ఆరు మిల్లీలీటర్లు ఒకేసారి ఎక్కించే రకం వచ్చింది. ఈ మధ్య కోడిజుట్టు అవసరం లేకుండా బ్యాక్టీరియాతో పులియబెట్టి తయారు చేస్తున్న రకాలే ఎక్కువయ్యాయి. అయినా కోడి నుంచి తీసిన రకాలు ఇంకా ఉన్నాయి. కోడిమాంసం, గుడ్లు పడనివాళ్లు, శాకాహార నియమం పాటించేవాళ్లు ఏ రకం వేస్తున్నారో ముందే అడగడం మంచిది.

ఆలోచన ఎంత అందంగా ఉందో చూడండి. తగ్గినదాన్ని తిరిగి నింపడం. కానీ శరీరం ఎప్పుడూ అంత సూటిగా లెక్క చెప్పదు.

మొదటి చిక్కు కాలం. మామూలు హైలురోనిక్ యాసిడ్‌ను కీలులోకి ఎక్కిస్తే ఒకటి రెండు రోజుల్లోనే సగం మాయమవుతుంది. గొలుసులను ఒకదానికొకటి రసాయనికంగా ముడివేసిన రకాలు కొన్ని రోజులు ఎక్కువ నిలుస్తాయి. అంతే. నొప్పి తగ్గిందని చెప్పేవాళ్లు మాత్రం నెలల లెక్క చెబుతారు. నెల తిరిగేసరికి లోపల లేని కందెన ఆరో నెలలో ఎలా పనిచేస్తుంది? ఈ ప్రశ్నకు తయారీదారులు, పరిశోధకులు చెప్పే జవాబు ఏమిటంటే, జెల్ ఉన్న కొద్ది రోజుల్లోనే కణాల మీద ఉండే సీడీ44 అనే గ్రాహకానికి అతుక్కుని, వాపు పుట్టించే రసాయనాలను తగ్గిస్తుందని, సొంతంగా హైలురోనిక్ యాసిడ్ తయారు చేసేలా సైనోవియల్ కణాలను ప్రేరేపిస్తుందని. ప్రయోగశాలలో ఈ ప్రభావాలు కనిపించిన మాట నిజం. కానీ అలా అయితే ఇది కందెన కాదు, మందు. ఎఫ్‌డీఏ దీన్ని మొదటి నుంచి మందుగా కాక, యాంత్రికంగా పనిచేసే వైద్య పరికరాల జాబితాలో పెట్టింది. రసాయన చర్య ద్వారా పనిచేస్తుందన్న ఆధారాలు పెరుగుతున్నాయి కాబట్టి ఆ వర్గీకరణను మళ్లీ పరిశీలించాలనుకుంటున్నట్టు 2018 డిసెంబరులో ఆ సంస్థే ప్రకటించింది. మందులకు కావలసిన రుజువు, పరికరాలకు కావలసిన రుజువు ఒకటి కావు కాబట్టి ఇది చిన్న సంగతి కాదు.

రెండో చిక్కు ఇంకా పాతది. 1970లో ఎరిక్ రాడిన్, డేవిడ్ స్వాన్, వైసర్ నేచర్ పత్రికలో ఒక ఫలితం ప్రచురించారు. కీలు ద్రవం నుంచి హైలురోనిక్ యాసిడ్‌ను వేరు చేశాక మిగిలిన భాగం కూడా మృదులాస్థి ఉపరితలాల మధ్య రాపిడిని బాగానే తగ్గించింది. కందెన గుణంలో పెద్ద వాటా ఒక ప్రొటీనుదని తరవాత తేలింది. దానికి లూబ్రిసిన్ అని పేరు పెట్టారు. చిక్కదనం ఒకటి, నునుపుదనం ఒకటి. మనం సూదిలో ఎక్కిస్తున్నది ప్రధానంగా మొదటిదాన్ని.

ఇవన్నీ సిద్ధాంతం మాటలు. ఎలా పనిచేస్తుందో తెలియకపోయినా, పనిచేస్తే చాలు కదా అనవచ్చు. నొప్పితో కూర్చోలేక లేవలేక ఉన్న మనిషికి ఆ మాట అనే హక్కుంది. అందుకే అసలు పరీక్ష రోగుల మీద జరగాలి: కొందరికి జెల్, కొందరికి ఉప్పునీరు, ఎవరికి ఏది వేశారో రోగికీ, ఫలితాన్ని కొలిచేవాళ్లకూ తెలియకుండా. అలాంటి పరీక్షలు ఈ చికిత్స మీద జరిగినన్ని బహుశా ఏ మోకాటి సూది మీదా జరగలేదు.

2022లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో టియాగో పెరీరా బృందం వాటన్నిటినీ కూడదీసింది. మొత్తం 169 ట్రయల్స్, 21,163 మంది రోగులు. చిన్న ట్రయల్స్‌లో ఫలితం ఘనంగా కనిపిస్తుంది, ప్రతికూల ఫలితాలు చాలాసార్లు ప్రచురణకు నోచుకోవు. అందుకని వాళ్లు పెద్దవాటిని, ఉప్పునీటి సూదితో పోల్చినవాటిని విడిగా తీశారు. అవి 24, అందులో 8,997 మంది. నొప్పిని కొలవడానికి 100 మిల్లీమీటర్ల గీత వాడతారు. ఒక చివర నొప్పి లేదు, రెండో చివర భరించలేనంత నొప్పి. తన నొప్పి ఎక్కడుందో రోగి గీత మీద గుర్తు పెట్టాలి. ఉప్పునీటితో పోలిస్తే జెల్ ఆ గుర్తును జరిపింది 2 మిల్లీమీటర్లు. రోగికి తేడా తెలియాలంటే కనీసం 9 మిల్లీమీటర్లు జరగాలని పరిశోధకులు ముందే హద్దు పెట్టుకున్నారు. ఈ సంగతి తేలడానికి 2009 నాటికే చాలినంత సమాచారం ఉందని కూడా వాళ్లు చూపించారు. అంటే ఆ తరవాత వేలమంది రోగులను తేలిపోయిన ప్రశ్న మీదే మళ్లీ పరీక్షించారు. నన్ను ఎక్కువగా బాధించేది ఇదే. పైగా తీవ్రమైన దుష్పరిణామాలు జెల్ వేసిన వాళ్లలో దాదాపు ఒకటిన్నర రెట్లు కనిపించాయి.

మరి "వేయించుకున్నాక ఆర్నెల్లు హాయిగా తిరిగాను" అని చెప్పే పిన్నిగారో బాబాయిగారో అబద్ధం చెబుతున్నారా? కానే కాదు. ఇక్కడ జాగ్రత్తగా ఆలోచించాలి. ఆ 2 మిల్లీమీటర్లు జెల్‌కూ ఉప్పునీటికీ మధ్య తేడా మాత్రమే. ఉప్పునీరు ఎక్కించినవాళ్లలో కూడా నొప్పి గణనీయంగా తగ్గింది. రవీంధర బన్నూరు బృందం 2015లో చూపించినట్టు, మోకాళ్ల నొప్పుల విషయంలో ఉత్తుత్తి మాత్ర కంటే కీలులోకి వేసిన ఉత్తుత్తి సూదికే ప్రభావం ఎక్కువ. డాక్టరు మోకాలిని చేత్తో పట్టి చూడటం, సూది, దాని మీద పెట్టుకున్న నమ్మకం, వాపు ద్రవాన్ని ముందు లాగేయడం, ఇవన్నీ కలిసి పనిచేస్తాయి. మరో కారణం కూడా ఉంది. మోకాళ్ల నొప్పి అలల్లాగా హెచ్చుతుంది, తగ్గుతుంది. మనం ఆసుపత్రికి వెళ్లేది బాగా హెచ్చినప్పుడు. ఆ తరవాత ఏం చేసినా, చేయకపోయినా కొంత దిగడం సహజం. కాబట్టి ఆ ఉపశమనం నిజమైనదే. దాని ఘనత జెల్‌కు ఎంత చెందుతుందన్నదే ప్రశ్న.

వైద్య సంఘాలు కూడా ఒక్క మాట మీద లేవు. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2014లోనూ, 2022లోనూ ఈ సూదులు వేయవద్దనే చెప్పింది. అమెరికా కీళ్లవాతపు వైద్యుల సంఘం 2019లో మోకాలికి వద్దని షరతులతో కూడిన సలహా ఇచ్చింది. అదే ఏడాది అంతర్జాతీయ ఆస్టియోఆర్థ్రైటిస్ పరిశోధన సంఘం కొన్ని పరిస్థితుల్లో వాడవచ్చని అంది. స్టెరాయిడ్ సూది కంటే ఇది నయమన్నది దీన్ని సమర్థించేవారి వాదనల్లో ఒకటి. అందులో కొంత బలముంది. 2017లో అమెరికాలో 140 మందికి రెండేళ్ల పాటు మూడు నెలలకోసారి స్టెరాయిడో ఉప్పునీరో ఇచ్చి చూస్తే, స్టెరాయిడ్ తీసుకున్నవాళ్లలో మృదులాస్థి ఎక్కువ పల్చబడింది, నొప్పిలో మాత్రం తేడా లేదు. షుగరు ఉన్నవాళ్లకు స్టెరాయిడ్ సూది తరవాత కొన్ని రోజులు చక్కెర పెరుగుతుంది కూడా. మన దగ్గర మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లలో షుగరు ఎంత మందికి ఉంటుందో చెప్పనక్కర్లేదు.

ఇప్పటిదాకా చెప్పింది మొత్తం మోకాలి గురించి. చిప్ప దగ్గరికి వద్దాం, ఎందుకంటే అసలు కథ ఇక్కడుంది, దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ.

మోకాలిలో ఎముకలు కలిసే చోట్లు మూడు. తొడ ఎముక, కాలి ఎముక లోపలి వైపు ఒకచోట, బయటి వైపు ఒకచోట కలుస్తాయి. ఈ రెండిటినీ కలిపి పెద్ద కీలు అందాం. మూడోది చిప్ప వెనుక భాగం తొడ ఎముక గాడిలో జారే చోటు, అంటే చిప్ప కీలు. చిప్ప చేసే పని బావి గిలక చేసే పని లాంటిది. తొడ ముందు కండరం తన లాగుడును చిప్ప మీదుగా కాలి ఎముకకు అందిస్తుంది. చిప్ప ఆ తాడును కీలు ఇరుసుకు దూరంగా ఎత్తిపట్టి, తక్కువ బలంతో కాలు చాచుకునేలా చేస్తుంది. దానికి అది కట్టే మూల్యం ఒత్తిడి. 1972లో రైలీ, మార్టెన్స్ వేసిన లెక్క ప్రకారం చదును నేల మీద నడిచేటప్పుడు చిప్ప మీద పడే బలం ఒంటి బరువులో సగం. మెట్ల మీద అది మూడు రెట్లు దాటుతుంది. గొంతుక్కూర్చున్నప్పుడు ఏడెనిమిది రెట్లకు చేరుతుంది. 70 కిలోల మనిషికి చదునులో 35 కిలోలు, మెట్ల మీద 230 కిలోలు, గొంతుక్కూర్చుంటే 500 కిలోల పైమాట. చిప్ప వెనుక అంత మందపు మృదులాస్థి ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా.

ఈ అంకెలే రోగ లక్షణాలను కూడా చెబుతాయి. చిప్ప కీలు అరిగినవాళ్లు చదునుగా ఉన్నచోట మైలు దూరం నడవగలరు. మెట్లు దిగాలంటే మాత్రం గోడ పట్టుకుంటారు. నేల మీద నుంచి లేవాలంటే చెయ్యి ఆసరా కావాలి. సినిమా హాల్లో రెండు గంటలు కాలు ముడుచుకుని కూర్చుని లేచేసరికి ముందు భాగం పట్టేస్తుంది. అలిపిరి మెట్లు 3,550 ఎక్కి వెళ్లినవాళ్లను అడగండి. ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు చిప్పలు అంటారు. నేల మీద కూర్చుని కూరలు తరగడం, ముగ్గు వేయడం, పాతరకం మరుగుదొడ్డి, పూజ దగ్గర, నమాజు దగ్గర మోకాళ్ల మీద వంగడం, ఇవన్నీ మన రోజులో చిప్ప మీద పడే పనులే.

ఇది అరుదైన సమస్య కాదు. ఇంగ్లండులోని నార్త్ స్టాఫర్డ్‌షైర్‌లో మోకాలి నొప్పి ఉన్న 50 ఏళ్లు దాటిన 777 మందికి అన్ని కోణాల్లో ఎక్స్‌రేలు తీసి 2006లో ఫలితాలు వెల్లడించారు. 40 శాతం మందిలో చిప్ప కీలు, పెద్ద కీలు రెండూ దెబ్బతిన్నాయి. 24 శాతం మందిలో చిప్ప కీలు ఒక్కటే. పెద్ద కీలు ఒక్కటే దెబ్బతిన్నవాళ్లు 4 శాతం మాత్రమే. అయినా నిలబెట్టి ఎదురుగా తీసే మామూలు ఎక్స్‌రేలో చిప్ప కీలు కనిపించదు. మోకాలు వంచి, చిప్ప కిందికి కిరణాలు పోయేలా తీసే స్కైలైన్ ఎక్స్‌రే కావాలి. లేదా కనీసం పక్క నుంచి తీసింది. మెట్ల దగ్గరే నొప్పి అని చెప్పినా ఎదురు ఎక్స్‌రే ఒక్కటే చూసి "ఏమీ లేదమ్మా, వయసు" అని పంపించేస్తే, రోగి చెప్పినదాన్ని వినలేదన్నమాట.

చిప్ప కీలు కోసమే జెల్‌ను పరీక్షించిన అధ్యయనాలు తక్కువ, ఉన్నవీ చిన్నవి. 2005లో బ్రిటన్‌లో 43 మందికి వేసి చూసినప్పుడు మెట్లెక్కే నొప్పి తగ్గిందని రాశారు, కానీ అందులో ఉప్పునీటి జట్టు లేదు. ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. చిప్ప కింద ప్రత్యేకమైన గది ఏదీ లేదు. మూడు కీళ్లకూ కలిపి ఉన్నది ఒకటే సంచి. సూదిని చిప్ప పక్క నుంచి పంపినా, కింది నుంచి పంపినా జెల్ ఆ సంచి అంతా పరుచుకుంటుంది. "మీకు చిప్ప కిందే వేస్తాం" అన్న మాటకు వైద్యపరంగా పెద్ద అర్థం లేదు.

చిప్ప నొప్పికి మూలం ఒత్తిడి అయినప్పుడు, ఒత్తిడిని మార్చితే ఏమవుతుందన్నది సహజమైన ప్రశ్న. మాంచెస్టర్‌లో మైఖేల్ కలాగన్ బృందం దాన్నే అడిగింది. చిప్ప కీలు అరిగిన 40 నుంచి 70 ఏళ్ల వయసున్న 126 మందిని తీసుకుని, సగం మందికి చిప్పను పట్టి ఉంచే తొడుగు ఇచ్చి ఆరు వారాలు రోజూ వేసుకోమన్నారు. 2015లో వచ్చిన ఫలితం చూస్తే, తొడుగు వేసుకున్నవాళ్లలో నొప్పి, వేసుకోనివాళ్లతో పోలిస్తే, పది సెంటీమీటర్ల గీత మీద 1.3 సెంటీమీటర్లు ఎక్కువ తగ్గింది. దీన్ని జెల్ తాలూకు 2 మిల్లీమీటర్ల పక్కన నేరుగా పెట్టకూడదు. ఉత్తుత్తి తొడుగు అంటూ ఏదీ లేదు కాబట్టి ఇక్కడా నమ్మకం పాత్ర ఉంటుంది. అయితే వాళ్లు ఎంఆర్‌ఐ కూడా తీశారు. మృదులాస్థి కింద ఎముక మూలుగలో కనిపించే దెబ్బ మచ్చలు చిప్ప కీలు దగ్గర తొడుగు వేసుకున్నవాళ్లలో చిన్నవయ్యాయి. ఎముకకు నమ్మకం, అపనమ్మకం ఉండవు. ఎముకకు నరాలున్నాయి. ఆ మచ్చలకూ నొప్పికీ సంబంధం ఉందని వేరే పరిశోధనలు చూపించాయి. మందుల షాపులో దొరికే ప్రతి తొడుగూ ఇలాంటిది కాదు. చిప్ప చుట్టూ పట్టీ ఉండి దాన్ని గాడిలో నిలబెట్టేది కావాలి. ఫిజియోథెరపిస్టు చేత కొలత చూపించుకుని కొనాలి.

రెండోది తొడ కండరం. తొడ ముందు కండరం బలంగా ఉన్నవాళ్లలో చిప్ప కీలు బయటి వైపు మృదులాస్థి నెమ్మదిగా అరిగిందని 2009లో అమెరికాలో శ్రేయసీ అమీన్ బృందం ఎంఆర్‌ఐలతో చూపించింది. ఆస్ట్రేలియాలో కే క్రాస్లీ బృందం 2015లో చిప్ప కీలు అరుగుదల ఉన్న 92 మందితో చేసిన ట్రయల్‌లో, వ్యాయామాలు, చిప్పకు టేపు వేయడం కలిపిన మూడు నెలల ఫిజియోథెరపీ మంచి ఫలితం ఇచ్చింది. తొమ్మిదో నెలకు ఆ లాభం జారిపోయింది. నాకు దీన్నుంచి తెలిసింది ఏమిటంటే, ఇది కోర్సు వాడి ఆపేసే మందు లాంటిది కాదు, పళ్లు తోముకున్నట్టు రోజూ చేయవలసిన పని.

ఏ వ్యాయామాలు? మొదట గొంతుక్కూర్చునే బస్కీలు వద్దు. వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడిచి, రెండో కాలును చాపి జానెడు ఎత్తు లేపి ఐదు లెక్కపెట్టి దించడం. పక్కకు పడుకుని పై కాలును నెమ్మదిగా ఎత్తడం. ఇది తుంటి కండరాల కోసం, అవి బలహీనపడితే తొడ లోపలికి తిరిగి చిప్ప గాడి తప్పుతుంది. నొప్పి సర్దుకున్నాక గోడకు ఆనుకుని, కుర్చీలో సగం కూర్చున్నంత మాత్రం వంగి లేవడం. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. కమోడు పెట్టించడం, పీట బదులు ఎత్తు కుర్చీ, తిరుమల నడిచి ఎక్కి బస్సులో దిగడం, ఇవి ఓటమి కాదు, వైద్యమే. బరువు తగ్గితే ఎంత లాభమో స్టీఫెన్ మెస్సియర్ బృందం 2005లో లెక్క కట్టింది. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలి మీద భారం నాలుగు కిలోలు తగ్గుతుంది.

ఈ మధ్య ఐరోపాలో వేరే రకం జెల్ పేరు వినిపిస్తోంది. అది పాలీఆక్రిలమైడ్ హైడ్రోజెల్. 97.5 శాతం నీరు, 2.5 శాతం పాలిమరు. ఆర్థ్రోసమిడ్ పేరుతో డెన్మార్క్ కంపెనీ తయారు చేసే దీనికి 2021లో ఐరోపాలో అనుమతి వచ్చింది. ఇది ద్రవంలో కలిసి కరిగిపోదు. సైనోవియల్ పొరలోకి చొచ్చుకుపోయి అక్కడే ఉండిపోతుంది. నొప్పి ఆ పొరలోనే పుడుతుంది కాబట్టి ఆలోచన ఆసక్తికరమైనదే. దీనికీ ముందు గుర్రాలే. దీన్ని హైలురోనిక్ జెల్‌తో పోల్చి రెండు వందల మందికి పైగా రోగులతో చేసిన ట్రయల్‌లో, దానికంటే తీసిపోలేదని తేలింది. కానీ ఉప్పునీటి కంటే రెండు మిల్లీమీటర్లే మెరుగైనదానికి తీసిపోలేదనడం పెద్ద కితాబు కాదు. ఉప్పునీటితో నేరుగా పోల్చే పెద్ద పరీక్షలు కావాలి. ఒకసారి పొరలో కలిశాక వెనక్కి తీయడం తేలిక కాదు కాబట్టి మరీ కావాలి.

ఇంత చదివాక కూడా కొందరికి జెల్ వేయించుకోవాలనిపించవచ్చు. కిడ్నీ సమస్యో కడుపులో పుండో ఉండి నొప్పి మాత్రలు పడనివాళ్లు, ఆపరేషన్‌కు గుండె ఒప్పుకోనివాళ్లు, తొడుగు, వ్యాయామాలు మూడు నెలలు నిజంగా చేసి చూసినవాళ్లు అడిగితే వాళ్లను తప్పుపట్టను. వేల రూపాయలు పెట్టే ముందు డాక్టరుగారిని కొన్ని సంగతులు సూటిగా అడగండి. స్కైలైన్ ఎక్స్‌రే తీశారా? నా నొప్పి చిప్ప కీలుదా, పెద్ద కీలుదా? జెల్ కోడి నుంచి తీసిందా? కీలులో వాపు ద్రవం ఉంటే ముందు లాగుతారా? మోకాలి మీద పుండు, సెగ్గడ్డ ఉంటే ఆ రోజు సూది వద్దు. వేసిన తరవాత ఒకటి రెండు రోజులు కాస్త వాపు, నొప్పి మామూలే. ఐసు పెట్టి, బరువు పనులు, మెట్లు తగ్గిస్తే తగ్గిపోతుంది. జ్వరం వచ్చి, మోకాలు వేడెక్కి, కాలు ముడవలేనంత నొప్పి వస్తే మాత్రం తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఇన్ఫెక్షన్ అరుదే కానీ వస్తే గంటలు కూడా విలువైనవే. మూడు నెలలు గడిచినా మెట్ల దగ్గర ఏ తేడా తెలియకపోతే రెండోసారి అదే సూది వేయించుకోవడానికి ఒప్పుకోకండి.